డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకి చావదు!

2005 జనవరి 24న పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని అనంతపురంలో కాల్చి చంపారు. 2011 జనవరి 3న హైదరాబాద్‌లో మద్దెలచెరువు సూరీ తూటాకే బలయ్యాడు. మనుషులు పోయారు. మరి తుపాకులు?

ఒకరికి మూడు లైసెన్సు తుపాకులు ఉండొచ్చన్న చట్టాన్ని 2019లో సవరించి రెండుకు దించారు. మూడోది ఏడాదిలోగా పోలీస్ స్టేషన్లోనో, డీలరు వద్దనో అప్పగించమన్నారు. మంచిదే. కానీ గదిలో పెట్టి తాళమేసిన తుపాకి నిద్రపోతుందే తప్ప చావదు. ఉత్తుత్తి తూటాలకే పనికొచ్చేలా మార్చి అమ్మిన తుపాకులనే మళ్లీ బాగుచేసి 2015 జనవరిలో పారిస్‌లో ప్రాణాలు తీశారు. ఆ డిసెంబర్లోనే యూరప్ ఒకే నిబంధన తెచ్చింది: ముఖ్య భాగాలన్నీ ఇక పనిచేయకుండా చేయాలి, అధికారి తనిఖీ చేసి ముద్ర వేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఒక్క జిల్లా, లెక్క తేల్చడం కష్టమా? మేం అడిగేది ఒక్కటే. కేసు ముగిసి ప్రభుత్వపరమైన ప్రతి తుపాకినీ జనం ఎదుట శాశ్వతంగా పనికిరాకుండా చేయండి. నంబర్లతో జాబితా ప్రకటించండి. సీమంటే తుపాకులేనని సినిమాల్లో ముద్రేసినోళ్లకు అదే మన జవాబు!