మెయిన్ ఆపినా మీటరులో కరెంటు ఉంటుంది

ఆరాంఘర్ చౌరస్తా నుండి కాటేదాన్ వైపు వెళ్ళినా, శంషాబాద్ వైపు వెళ్ళినా, అద్దె గదులున్న ఇళ్ళలో మెట్ల కింద ఒక చెక్క పలక కనిపిస్తుంది. దాని మీద డిపార్టుమెంటు మీటరు ఒకటి, దాని పక్కన అద్దెకున్నవారి కోసం యజమాని పెట్టించిన సబ్ మీటర్లు మూడో నాలుగో. ఎవరు ఎంత కరెంటు కాల్చారో తెలిస్తే నెలాఖరున మాటా మాటా రాదు, మంచిదే. అయితే ఆ సబ్ మీటర్లు ఎవరు బిగించారని అడిగితే, "తెలిసిన కుర్రాడే" అంటారు. ఆ జవాబే మాకు భయం.

షాకు కొట్టి, చేతులు కాలి వచ్చినవారు చెప్పే మాట ఒకటి ఉంది: "మెయిన్ ఆపే చేశాను కదండీ!" అబద్ధం కాదు. కాని స్తంభం మీది నుండి వచ్చే సర్వీసు వైరు ముందు మీటరులోకి వెళ్ళి, ఆ తరువాతే మెయిన్ స్విచ్చికి వస్తుంది. మెయిన్ ఆపితే ఇంట్లో దీపాలు ఆరిపోతాయి గాని, మీటరు స్క్రూల దగ్గర 230 వోల్టులు అలాగే ఉంటాయి. సీలు వేసేది దొంగతనం ఆపడానికే అనుకుంటాము. అది మన చేతులను కూడా కాపాడుతున్నది. ఆ మీటరు తిరగకపోయినా, కాలిన వాసన వచ్చినా 1912కు ఫోను చేయండి, మూత తీయకండి.

సబ్ మీటరు మన సొంతం, మెయిన్ తరువాత ఉండేది. దానిని పర్మిటు ఉన్న వైర్‌మ్యాన్ చేతనే బిగించుకోవాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది, కాబట్టి దానిని కూడా ఆపాలి. తెలిసిన పనివాడు టెస్టరును ముందు కరెంటు ఉన్నచోట పెట్టి, అది వెలుగుతుందని చూసుకొని, అప్పుడు పని చేసేచోట పెడతాడు. స్క్రూ వదులైతే వేడెక్కి వైరు మాడుతుంది, అందుకే ఏడాదికొకసారి చూపించుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఖర్చు అనిపిస్తుంది, నిజమే.

ఆసుపత్రులలో, కాటేదాన్ కార్ఖానాలలో పెద్ద లోడు కొలిచే మీటర్లకు 'సీటీ' ఉంటుంది. ఇది మన స్కానింగు కాదు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. లోడు నడుస్తుండగా దాని నుండి మీటరుకు వచ్చే వైర్లు ఊడదీస్తే, ఆ కొసల మధ్య వోల్టేజి వందల్లోకి, వేలల్లోకి కూడా పోవచ్చు. అందుకే ఈ పని ముందుగా చెప్పి, కరెంటు ఆపి చేయాలంటాము. గంటసేపు ఫ్యాను లేదని రోగుల బంధువులు మేస్త్రీ మీద విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, తొందరపెట్టి అతనిచేత లైవులో పని చేయించడం మాకు సమ్మతం కాదు.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వాడేవారికి ఒక మాట. అది ఎంత కరెంటు లాగుతుందో, మీ ఇన్వర్టరు మోస్తుందో లేదో తెలుసుకోవడానికి బోర్డు విప్పనక్కరలేదు. ప్లగ్గులో పెట్టి చూసే చిన్న మీటరు దొరుకుతుంది. ఐదు లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు చూపుతుంది.

ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకండి. ముందు కరెంటు ఆపండి. వీలుకాకపోతే ఎండిన కర్రతో వైరును తప్పించండి. మెయిన్‌కు ముందున్న వైరైతే 1912కు కూడా చెప్పండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ 108ని పిలిపించండి. లేచి కూర్చొని "నాకేమీ కాలేదు" అన్నా తీసుకురండి. పైన చిన్న మచ్చే ఉన్నా లోపల కండ కాలి ఉండవచ్చు, గుండె లయ తప్పి ఉండవచ్చు. ఈసీజీ తీయడానికి పది నిమిషాలు కూడా పట్టదు.