కథ ఎంతవరకు వచ్చిందని అడగండి

మీ అమ్మాయి స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో సైన్స్ ఫిక్షన్ కథ రాస్తోందా? ‘మార్కులొస్తాయా?’ అని కోప్పడే ముందు ఒక్క మాట.

2000లో అమెరికన్ రచయిత ఎరిక్ ఫ్లింట్ ‘1632’ నవల వచ్చింది. అందులో ఓ చిన్న అమెరికన్ ఊరు ఉన్నట్టుండి పదిహేడో శతాబ్దపు జర్మనీలో వెళ్లి పడుతుంది. ఆ ఊళ్లో ఉన్న సామానుతో ఏ మందు, ఏ యంత్రం తయారుచేయగలరో అభిమానులు ఆన్‌లైన్‌లో వాదించుకున్నారు, కథలు రాశారు. ఆ కథలతో మొదలైన ‘గ్రాంట్‌విల్ గెజిట్’ వంద సంచికలు దాటింది.

అందులో కెమిస్ట్రీ ఉంది, చరిత్ర ఉంది, తప్పు ఒప్పుకుని తిరగరాసే ఓపిక ఉంది. మార్కుల పరుగులో మన పిల్లలకు దొరకనిది ఆ ఓపికే.

సమయానికి హద్దు పెట్టండి. అపరిచితులకు వివరాలు చెప్పొద్దని హెచ్చరించండి. కథను మాత్రం ఆపకండి. ఈ రాత్రి అన్నాల దగ్గర అడగండి: ‘తర్వాత ఏమైందమ్మా?’