చక్రం ఎవరు ఎంచాలి?
అమెరికాలో 1992లో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ విద్యార్థి పోటీల్లో 2020 నాటి ఆట, రోబో చేత ఏడంగుళాల స్పాంజి బంతుల్ని గోల్‌లోకి విసిరించడం. విసిరేది గిర్రున తిరిగే చక్రమే. మెత్తనిది బంతిని బాగా పడుతుంది, తొందరగా అరుగుతుంది. తేలికదైతే ఒక బంతి విసరగానే వేగం పడిపోయి రెండోది దగ్గరే పడుతుంది. బరువైనది వేగం నిలుపుకుంటుంది, కానీ అందుకోవడానికి సమయం కావాలి. ఏది మేలో విసిరి చూస్తేనే తెలుస్తుంది.

ఆ విసిరి చూసే చోట ఆడపిల్లలుంటున్నారా? జట్టు ఫొటోలో ఉంటే చాలదు. బ్యానర్లు, విరాళాల ఉత్తరాలు అమ్మాయిలకీ, పానా అబ్బాయిలకీ అయితే అది మన వంటింటి పంపకమే కదా! (బ్యానరు తక్కువ పనేం కాదు, అబ్బాయిలూ రాయొచ్చు.) చక్రం బిగించి, బంతి ఎక్కడ పడిందో కొలిచి, "ఇది వద్దు" అనే హక్కు ఆ పిల్లకుండాలి. పొరపాటైతే మర్నాడు ఇంకొకటి బిగిస్తుంది.