బిగబట్టమనే బోధ ఇక ఆపండి

మొన్న మన పాలమూరు వైపు బల్మూర్‌లో పిల్లల క్రికెట్ ఆట జరుగుతోంది. బౌండరీ దగ్గర నిలబడ్డ ఒక పెద్దమనిషి గొంతు చించుకుంటున్నాడు: "బ్యాటు బిగబట్టురా, బలమంతా పెట్టి కొట్టు!" ఆ పిల్లవాడు పళ్ళు కొరికాడు. మెడ నరాలు తేలాయి, భుజాలు చెవుల దాకా లేచాయి. బంతి బ్యాటు అంచుకు తగిలి కీపర్ చేతుల్లో పడింది. "అన్నం తింటలేవారా?" అని మళ్ళీ వాడికే తిట్లు. నాకు ఒళ్ళు మండింది. లోపం అన్నంలో లేదు, ఆ బోధలో ఉంది.

మోచెయ్యి చాచాలంటే దండలో వెనక కండరం ముడుచుకోవాలి, ముందు కండరం వదలాలి. రెండూ ఒకేసారి బిగిస్తే ఒకదాన్ని ఇంకొకటి వెనక్కి గుంజుతుంది. చెయ్యి మందగిస్తుంది, అలసట మాత్రం మిగులుతుంది. బంతి దూరం పోయేది వేగంతో. ఆ వేగం పాదాల్లో పుట్టి నడుము, భుజం, మోచెయ్యి దాటుకుని మణికట్టుకు చేరాలి. మధ్యలో ఏ కీలు బిగుసుకున్నా అది అక్కడే చచ్చిపోతుంది.

గోల్ఫ్‌లో ఈ సంగతి దాచినా దాగదు. బంతి కదలదు, బరువు 46 గ్రాములు. కర్ర దాన్ని తాకి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. ఆ క్షణంలో ఇంకాస్త బలం పెడదామన్నా వ్యవధి ఎక్కడుంది? పీజీఏ టూర్‌లో 82 టోర్నీలు గెలిచిన శామ్ స్నీడ్ చెప్పింది కూడా వదులు పట్టు గురించే. గోల్కొండ నయాఖిలాలో ఆడే దొరల ఆట మనకెందుకు అంటారేమో. చిర్రగోనె ఎవరి ఆట? చిర్ర గాల్లోకి లేచాక చెయ్యి బిగించినవాడికి అది అందిందా ఎప్పుడైనా?

అసలు పాలమూరు గడ్డ మీద ఈ బోధ చెయ్యడానికి నోరెలా వస్తుంది? దేశంలో ఎన్ని ఆనకట్టలకు మన కూలీలు రాళ్ళు కొట్టారు, మట్టి తవ్వారు! సమ్మెట పట్టిన మనిషిని దగ్గర నుంచి చూడండి. ఒక చెయ్యి కామ చివర ఉంటుంది. రెండోది సమ్మెట లేచేటప్పుడు దాని తల దగ్గరుండి, దిగేటప్పుడు కామ వెంబడి కిందికి జారుతుంది. బిగబడితే జారదు. వడ్డెరలు సమ్మెటకు వంగే వెదురు కామ వేసుకునేది కూడా దెబ్బ అదురు చేతికి ఎక్కకూడదనే. పొద్దంతా కొట్టాల్సినవాడు ఒళ్ళు బిగించుకుని కొడితే మధ్యాహ్నానికే కూలబడతాడు. ఈ విద్య కూలివాడిది కాబట్టే మనకు ఆనలేదు. ఇదే మాట బూట్లు వేసుకున్న కోచ్ నోట వస్తే చెవులు రిక్కించేవాళ్ళం.

దీనికి తోడు జిమ్ పిచ్చి. అద్దం ముందు దండలు ఉబ్బించుకున్న కుర్రాడు మైదానంలోకి వచ్చి కర్రలాగా నిలబడతాడు. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 కొట్టిన లక్ష్మణ్ దండలు చూసి ఎవరైనా భయపడ్డారా? ఆయన ఆస్తి మణికట్టు. అజారుద్దీన్‌దీ అంతే.

పట్టు వదులైతే బ్యాటు జారిపోదా అని అడుగుతారు. జారకుండా పట్టుకోవడం వేరు, పీక నొక్కడం వేరు. రాకెట్ పట్టిన ప్రతి పిల్లా షటిల్ తాకే వేళకే వేళ్ళు బిగించడం నేర్చుకుంటుంది.

మరి ఏం చెప్పాలంటే, ముందు దవడ వదలమనండి, ఊపిరి వదలమనండి. మొదటి పది బంతులు సగం జోరుతో ఆడించండి. మిగతాది నేర్పడానికి తెలిసిన మనిషి కావాలి. 2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. ఆ బోర్డు పక్కన నిలబడి పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి "ఇది దించు బిడ్డా" అనేవాడిని మండలానికి ఒక్కడినైనా పంపండి. కప్పులు, మైకులు తర్వాత కొనొచ్చు.