కుక్కపిల్ల నీళ్లు ఎక్కువ తాగుతోందని గిన్నె దాచెయ్యకండి

ఈ రోజు పంట గురించి కాదు, ఇంటి కాడ, చేను కాడ మనల్ని అంటిపెట్టుకుని ఉండే కుక్క గురించి రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు ఊళ్లలో కూడా సీమ కుక్కపిల్లల్ని తెచ్చుకుంటున్నారు. నాలుగైదు నెలల పిల్ల మాటిమాటికీ నీళ్లు తాగి, ఇంట్లో ఎక్కడబడితే అక్కడ పోసేస్తుంటే మనం ఏం చేస్తాం? తిడతాం, ఒకటి అంటిస్తాం, రాత్రిపూట నీళ్ల గిన్నె తీసేస్తాం. నేననేది ఏంటంటే, అది చెడ్డ అలవాటని తేల్చేముందు దాని కిడ్నీల సంగతి చూడాలి.

కొన్ని పిల్లలకు పుట్టుకతోనే కిడ్నీలు సరిగ్గా తయారుకావు. దీన్నే డాక్టర్లు రీనల్ డిస్‌ప్లేసియా అంటారు. అలాంటి కిడ్నీ ఒంట్లో నీటిని నిలుపుకోలేదు, పల్చటి మూత్రంగా వదిలేస్తుంది. పోయిన నీటి కోసమే పిల్ల అంతలా తాగుతుంది. అప్పుడు గిన్నె దాచేస్తే ఒళ్లు ఎండిపోయి, ఉన్న కాస్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది.

అనుమానముంటే ఒక రోజు నీళ్లు కొలిచి పోయండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే ఐదు కిలోల పిల్ల అర లీటరు మించి తాగితే, పశువుల డాక్టరుకి చూపించాలి. ఎదుగుదల లేకపోవడం, తిండి మీద ధ్యాస తగ్గడం, వాంతులు కూడా గుర్తులే. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీల పని నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. అందుకే మూత్ర పరీక్ష కూడా చేయించండి.

ఎలుకల మూత్రం నుంచి వచ్చే ఎలుక జ్వరం కూడా కుక్క కిడ్నీల్ని పాడుచేస్తుంది. అది మనుషులకీ అంటుకుంటుంది. దానికి మందుంది, కుక్కలకు టీకా కూడా ఉంది. ఏ జబ్బో తెలియాలన్నా పరీక్షే దారి.

పుట్టుకతో వచ్చిన లోపాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కానీ సరైన మేతతో, ఎప్పుడూ అందుబాటులో నీళ్లతో కొన్నాళ్లు సుఖంగా బతికించొచ్చు. బలమొస్తుందని ఎముకలు పెట్టకండి. వాటిలోని ఫాస్ఫరస్ ఈ జబ్బుకు చెరుపు. మనం వేసుకునే నొప్పి మాత్రలు అసలే వద్దు.

ఇక అసలు మాట. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, సుడి చూస్తాం. గేదెను కొంటే తల్లి ఎన్ని పాలిచ్చిందో అడుగుతాం. కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి బొచ్చు, రంగు చూసి డబ్బులిచ్చేస్తున్నాం. ఈ లోపం షీట్జు, లాసా ఆప్సో, గోల్డెన్ రిట్రీవర్ లాంటి జాతుల్లో వంశంలో వస్తుందని పశువైద్యులు ఎప్పుడో గుర్తించారు. పైకి బాగున్న తల్లిదండ్రులకు కూడా ఇలాంటి పిల్లలు పుట్టొచ్చు. అయినా డబ్బుల కోసం అన్నాచెల్లెళ్లకే క్రాసింగ్ చేయించేవాళ్లున్నారు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?

కొనేముందు తల్లిని చూడండి, ముందు ఈతలో పిల్లలు ఏమయ్యాయో అడగండి. మీ పిల్లకు ఈ జబ్బు తేలితే అమ్మినవాడికి చెప్పండి, ఆ జతను మళ్లీ కట్టొద్దనండి. మీ ఇంట్లో దాని తోబుట్టువుంటే దానికీ క్రాసింగ్ వద్దు. నాసి విత్తనం అమ్మినవాణ్ణి నిలదీసే మనం, ఇక్కడ మాత్రం నోరులేని పిల్లను కొట్టి ఊరుకోవడం న్యాయం కాదు.