కంప్యూటరు పెట్టె కొనేముందు

పిల్లవాడు విడిభాగాలు తెచ్చి కంప్యూటరు బిగించుకుంటానంటే సంతోషమే. అయితే రంగు దీపాలు చూసి పెట్టె కొనకండి. ముందు మదర్‌బోర్డు కొలత అడగండి. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ పెట్టెలో అది పట్టదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలరు ఎత్తు కూడా చూడాలి. మన ఊళ్ల దుమ్ముకు ముందువైపు జాలీ, తీసి దులుపుకునే ఫిల్టరు ఉండాలి. ముందు అంతా అద్దమైతే గాలి ఆడదు.

మా ఇంట్లో మొదటి పెట్టెను ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. పెట్టెదే లోపమనుకున్నాం. తీరా చూస్తే గోడ ప్లగ్గు మూడో కన్నానికి ఎర్తు తీగే లేదు! ఇనుప పెట్టె గనుక, పిల్లలు తాకకముందే ఎలక్ట్రీషియను చేత అది చూపించండి.