బడి ఎవరి ఏలుబడిలో నుండవలెను?

1971లో నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక గురుకుల పాఠశాలను నెలకొల్పినది. పల్లెలలోని బీదబిడ్డల తెలివితేటలు పొలము గట్లమీదనే వాడిపోరాదను తలంపుతో నాటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు తలపెట్టిన ఆ కార్యమునకు ఢిల్లీ అనుజ్ఞతో పనిలేకపోయినది; విద్య ఆనాడు రాష్ట్రజాబితాలోని విషయము. ఆయనయే తరువాత కేంద్రమున మానవ వనరుల మంత్రియై, దాదాపు ఆ నమూనాతోనే నవోదయ విద్యాలయములకు రూపము కల్పించెను. మధ్యాహ్న భోజనము కథయు నిట్టిదే. 1956లో ముఖ్యమంత్రి కామరాజు మదరాసు రాష్ట్రపు బడులలో అన్నము పెట్టించగా, దేశమందలి ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోను వండిన అన్నము వడ్డింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించుటకు 2001 వరకు, అనగా 45 ఏండ్లు, పట్టినది. బిడ్డ ఆకలి ముందుగా దగ్గరివారికే కనబడును.

పరాయి ప్రభుత్వము సైతము 1919 భారత ప్రభుత్వ చట్టము క్రింద రాష్ట్ర మంత్రుల చేతికిచ్చిన విద్యను, 1950 నాటి రాజ్యాంగము రాష్ట్రములకే ఉంచిన విద్యను, 1976లో, అత్యవసర పరిస్థితి నడుచుచు ప్రతిపక్ష నాయకులు పలువురు చెరసాలలలో నున్న తరుణమున, 42వ సవరణ ఉమ్మడి జాబితాకు తరలించినది. 1978లో జనతా ప్రభుత్వము దానిని తిరిగి రాష్ట్రములకు అప్పగింపబూనగా లోక్‌సభ సమ్మతించినను రాజ్యసభ సమ్మతింపలేదు. ఉమ్మడి యన్నది పేరునకే. కేంద్ర రాష్ట్రముల చట్టములు ఒరసికొన్నచోట సామాన్యముగా నెగ్గునది కేంద్ర చట్టమే.

కేంద్రమునకు విద్యలో పనియే లేదని నేననను. నిరుపేద రాష్ట్రమున పుట్టిన బిడ్డకు ధనిక రాష్ట్రపు బిడ్డతో సమానమైన చదువు దక్కవలెనన్న దేశపు బొక్కసము తోడు కావలసినదే. 2009 నాటి విద్యాహక్కు చట్టమును నేను మనసారా మెచ్చుకొందును. కాని సొమ్ము ఇచ్చుట వేరు, ఆ సొమ్ముతో మెడలు వంచజూచుట వేరు. బడుల కొరకైన సమగ్ర శిక్ష పథకమున పెద్ద రాష్ట్రములలో నూటికి 60 పాళ్లు కేంద్రము భరింపవలెను. బడి పేరునకు ముందు పిఎం శ్రీ యను కేంద్ర పథకపు పేరు చేర్చి, జాతీయ విద్యావిధానమును అమలుపరతుమని ఒడంబడిక వ్రాసియిచ్చుటకు తమిళనాడు ఒప్పుకొననందున, 2024లో ఆ రాష్ట్రమునకు సమగ్ర శిక్ష నిధులు నిలిచిపోయినవి. పాఠ్యపుస్తకములకు, వికలాంగ బాలల శిక్షణకు, ఉపాధ్యాయుల జీతములకు పోవలసిన డబ్బది. పెద్దలిరువురి తగవునకు పరిహారము బిడ్డచేత కట్టించుట అన్యాయము.

దూరపు పెత్తనము తరగతి గదిలో ఏమి చేయునో మా ప్రాంతమున ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను కన్నులార చూచితిని. ఎనిమిదవ తరగతికి లెక్కలు చెప్పుచున్న హెడ్మాస్టరుగారు, ఢిల్లీకి పంపవలసిన వివరములకు ఆనాడే గడువని ఫోను రాగా, సమీకరణమును నల్లబల్లపై సగములో విడిచి కంప్యూటరు ముందు కూర్చుండిరి. గంట కొట్టువరకు ఆయన తిరిగి రాలేదు. పిల్లలు ఆ సగము లెక్కనే నోటు పుస్తకములలో ఎక్కించుకొనిరి.

విద్యను ఉమ్మడి జాబితాకు తరలించిన ఆ 42వ సవరణను త్రిప్పుటకు పార్లమెంటు ఉభయ సభలలో మూడింట రెండువంతుల ఓట్లును, రాష్ట్ర శాసనసభలలో సగమింటి ఆమోదమును కావలెను. కష్టమే, అసాధ్యము గాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి లోక్‌సభకు పోయిన 42 మందిలో ఏ ఒక్కరైనను, ఏ పక్షమువారైనను, ఇందులకు ఒక బిల్లును ప్రవేశపెట్టవలెనని వేడుకొనుచున్నాను.